చేపకారు నాలుగో మూత

టీ కొట్టు ముందు బల్ల మీద పాత తువ్వాలు పరిచి ఉంది. దాని మీద పళ్లెమంత వెడల్పున తళతళలాడుతున్న వీల్ క్యాప్. చుట్టూ నలుగురు మనుషులు. ఐదోవాడు మాత్రం నిలబడే ఉన్నాడు. కూర్చోమంటే కూర్చునే రకం కాదు, కూర్చున్నా కాలు ఊపకుండా ఉండే రకం కాదు. పేటంతా అతన్ని గాలిపటం అంటారు. నోరు తెరిస్తే ఎగరడమే తప్ప దిగడం తెలీదని ఆ పేరు పెట్టింది టీ కొట్టాయనే.

ఇవాళ గాలిపటానికి మామూలు కంటే ఎక్కువ తొందరగా ఉంది. అయిదు నిమిషాలకోసారి మెడ తిప్పి సందు మలుపులో ఉన్న అక్క ఇంటి వైపు చూస్తున్నాడు. గుమ్మంలో ఎవరూ లేరని రూఢి చేసుకుని మళ్లీ ఇటు తిరుగుతున్నాడు. టీ చల్లారిపోయి మీగడ కట్టింది, అయినా గ్లాసు చేతిలోంచి దించడం లేదు.

ఎదురుగా మెకానిక్ షెడ్డులో ఉన్నది బావ బండి. ముందు భాగాన తోక లేపిన చేప బొమ్మ ఉంటుంది కాబట్టి అందరూ దాన్ని చేపకారు అంటారు. బావ వాళ్ల నాన్న నడిపిన కారు అది. ఆయన పోయాక ఏళ్ల తరబడి ఇటుకల మీద నిలబడి తుప్పు పట్టింది. బావ మూడేళ్లుగా దాని వెంటపడ్డాడు. స్టీరింగు నుంచి తలుపు పిడి దాకా ప్రతి సామానూ అసలుదే, ఆ కారు పుట్టిన ఫ్యాక్టరీలో పుట్టిందే, వెతికి వెతికి తెచ్చాడు. చక్రం నడిమధ్య మెరిసే మూతలు నాలుగుండాలి. మూడు దొరికాయి, నాలుగోది దొరకలేదు. కిందటేడు దాని స్థానంలో డూప్లికేటు బిగించుకుని పాత కార్ల ర్యాలీకి వెళ్తే గేటు దగ్గరే వెనక్కి పంపేశారు. ఈసారీ అదే జరిగితే ఇక తన వల్ల కాదని, బండి ఇచ్చేస్తానని బావ తేల్చి చెప్పాడు. కొంటానన్నవాడు దాన్ని నడపడానికి కొనడం లేదు, ముక్కలుగా విప్పి అమ్ముకోవడానికి కొంటున్నాడు. ర్యాలీ రేపు పొద్దున్నే.

పాత కార్ల సంఘానికి ఒక ఆనవాయితీ ఉంది. ఫ్యాక్టరీ ముద్రలు కూడా దొంగవి కొట్టేస్తున్న రోజులు కాబట్టి, కొత్తగా బిగించే ప్రతి సామానూ ఎక్కడ దొరికిందో, ఎవరి చేతుల మీదుగా వచ్చిందో, తెచ్చినవాడే అందరి ముందూ నోటితో చెప్పాలి. సెక్రటరీ మేడమ్ వింటుంది. ఆవిడకి నమ్మకం కుదిరితే సామాను బండికెక్కుతుంది, కుదరకపోతే లేదు. ఆవిడ బడిలో లెక్కల టీచరుగా చేసి రిటైరైంది. ఉద్యోగమంతా పిల్లల సాకులు విన్న మనిషి కాబట్టి మొహం చూసి ఏమీ చెప్పలేం.

"అసలు జరిగిందేమిటంటే మేడమ్," అని మొదలెట్టాడు గాలిపటం, "నేనేదో పెద్ద ఘనకార్యం చేశానని కాదు, నా సంగతి మీకు తెలీదు, ఇక్కడ ఎవరినైనా అడగండి, గొప్పలు చెప్పుకోవడం నాకు బొత్తిగా చేతకాదు..."

టీ కొట్టాయన జల్లెడ దులుపుతూ గట్టిగా దగ్గాడు.

"...ఆ దగ్గుకి తర్వాత వద్దాం. మొన్న బస్సులో ఒక ముసలాయన నా పక్కన కూర్చున్నాడు. చేతికి నల్లటి మరక, ఎంత కడిగినా పోని గ్రీజు మరక. ఆ మరక చూడగానే ఈయన పాత ఇనుము మనిషని నాకు అర్థమైపోయింది. మాటల్లో పెట్టాను. అడగ్గా అడగ్గా, ఊరవతల తన స్నేహితుడి గోడౌనులో ఏదో చేప గుర్తున్న మూత చూసినట్టు గుర్తన్నాడు. అంతే, నా స్టాపు రాకముందే దిగిపోయాను."

"బస్సు ఆగిందా అన్నా?" అన్నాడు మెకానిక్.

"ఆగితే దిగడంలో గొప్పేముంది. విను."

ఇంతవరకూ బాగానే ఉంది. బస్సు, ముసలాయన, గోడౌను, ఎవరైనా నమ్మే మాటలే. సెక్రటరీ మేడమ్ తల కూడా ఊపింది. అక్కడ ఆపేసి ఉంటే గాలిపటం గాలిపటం ఎలా అవుతాడు?

నిజానికి జరిగింది వేరు. ఇవాళ పొద్దున అక్క మేడ మీద బట్టలారేస్తూ, వంటింట్లో నాలుగు ఉల్లిపాయలు తరిగిపెట్టమని కిందికి కేకేసింది. ఉల్లిపాయలుండేది పిండి డబ్బా మీది మూతలో. అది గుంటగా గిన్నెలా ఉండి తుప్పు రంగులో కనిపించే పాత మూత. గాలిపటం ఉల్లిపాయలతో పాటు మూతని కూడా ఎత్తేశాడు. అది చేతిలో ఒరిగింది. అడుగున, పిండి అంటుకున్న వైపున, తోక లేపిన చేప. బావ షెడ్డులో మిగతా మూడు మూతల్నీ గుడ్డ పెట్టి తుడిచిన చేతులే కాబట్టి చూసిన మరుక్షణం పోల్చేశాడు. బావ మూడేళ్లుగా ఊళ్లు పట్టుకు తిరుగుతున్న వీల్ క్యాప్, ఇన్నేళ్లూ వెల్లకిలా పడుకుని, బావ ఇంట్లోనే ఉల్లిపాయలు మోస్తోంది.

పరిగెత్తుకెళ్లి చెప్పొచ్చు. చెప్పలేదు. మూడేళ్లుగా బావతో 'నా మనుషులు వెతుకుతున్నారు, నువ్వు నిశ్చింతగా ఉండు' అంటూ వచ్చినవాడు, ఇప్పుడు 'నీ వంటింట్లోనే ఉంది బావా' అంటే ఆ మనుషులంతా ఏమైనట్టు? పైగా ఈ షెడ్డులో అతని చేతికి తుడిచే గుడ్డ తప్ప ఇంకేదీ ఎవరూ ఇవ్వలేదు. ఒక్కసారి, జన్మకొక్కసారి, వీడు ఒక పని సాధించుకొచ్చాడని నలుగురూ అనుకుంటే వినాలని అతనికి ప్రాణం కొట్టుకుంటోంది. అందుకే డబ్బా మీద ఒక స్టీలు పళ్లెం పెట్టాడు. అది చిన్నదై పిండిలోకి జారిపోయింది. తీసే ఓపిక లేక, మూతని పైపైన తుడిచి తువ్వాల్లో చుట్టుకుని వెనక గుమ్మంలోంచి జారుకున్నాడు. అక్క పిండి కలిపేది సాయంత్రం. ఇప్పుడు సాయంత్రమే.

"గోడౌను అంటే గోడౌను కాదు మేడమ్," అన్నాడు సందు వైపు ఒకసారి చూసి, గొంతు పెంచి. "కొండ. ఇనుప కొండ. పైకి చూస్తే మెడ పట్టేసింది. అందులో వీల్ క్యాపులే లక్ష ఉంటాయి. అందరూ ఏం చేస్తారు, ఒక్కొక్కటీ తీసి చూస్తారు. నేనలా కాదు. కొండ కింద నిలబడి వేలి గోరుతో ఒకే ఒక్క దెబ్బ కొట్టాను. డూప్లికేట్లన్నీ టక్కుమన్నాయి. లోపలెక్కడో, అట్టడుగున, ఒక్కటి మాత్రం టంగుమంది."

"లక్షలో ఒక్కటి వినపడిందా?" అన్నాడు టీ కొట్టాయన.

"నా చెవి అలాంటిది. మా అమ్మ అనేది, వీడు పుట్టగానే ఏడవలేదు, విన్నాడు అని."

బావ మొహం తుడుచుకున్నాడు. నవ్వొచ్చి కాదు, చెమట పట్టి. సెక్రటరీ మేడమ్ మూతని చేతిలోకి తీసుకుని తిప్పి చూస్తోంది. "చాలా కొత్తగా ఉందే," అంది. "మిగతా మూడూ గీతలు పడి మసకగా ఉన్నాయి. ఇదేమో నిన్న తయారైనట్టుంది. గోడౌనులో ఇనుము కింద పడి ఉన్నది ఇంత నున్నగా ఎలా ఉంటుంది?"

పిండిలో మొహం దాచుకుని ఉన్న వస్తువుకి గీతలెక్కడివి? కానీ ఆ మాట అనడానికి లేదు. గాలిపటం నోరు తనంతట తనే కదిలింది.

"అక్కడికే వస్తున్నాను మేడమ్. టంగుమంది అన్నానా, ఆ గోడౌను ఓనరు పరిగెత్తుకొచ్చి నా కాళ్లు పట్టుకున్నాడు. 'బాబూ, అది మోగిందంటే దాని అసలు మనిషి వచ్చినట్టే, కానీ ఇక్కడ మోగింది దాని ప్రతిధ్వని మాత్రమే, అసలుది ఏటి అవతల కొండ మీద భవంతిలో ఉంది, పట్టుగుడ్డలో చుట్టి దాచారు' అన్నాడు. అందుకే ఆ నునుపు. పట్టుగుడ్డ. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏరు పొంగి ఉంటుంది," అన్నాడు మెకానిక్.

"పొంగింది. నీకెలా తెలుసు?"

"నువ్వు వెళ్లావుగా అన్నా."

"పడవ లేదు. పడవవాడు లేడు. నేను ఆలోచిస్తూ కూర్చునే మనిషినా? ఒక లారీ వీల్ క్యాప్ నీళ్లలో బోర్లా... కాదు కాదు, వెల్లకిలా వేసి అందులో కూర్చున్నాను. చేతులే తెడ్లు. నడి ఏట్లోకి వెళ్లేసరికి సుడి. బొంగరం తిరిగినట్టు తిప్పేస్తోంది. అప్పుడు మన చేపకారుని తలుచుకున్నాను బావా, నిజం, నిన్ను కాదు, కారుని తలుచుకున్నాను. అంతే, ఏట్లో చేపలన్నీ ఒకటై కింద భుజం పెట్టాయి."

"చేపలకి భుజాలా," అన్నాడు టీ కొట్టాయన.

"ఆ ఏట్లోవాటికి ఉన్నాయి. నువ్వెళ్లావా, నేనెళ్లానా?"

మెకానిక్ పకపకా నవ్వాడు. బావ నవ్వలేదు. "ఒరేయ్," అన్నాడు మెల్లగా, "ఎక్కడ దొరికిందో ఉన్నదున్నట్టు చెప్పరా. చాలు." ఆ గొంతులో కోపం లేదు, బతిమాలుతున్నట్టుంది. మూడేళ్లలో బావ అతన్ని బతిమాలడం ఇదే మొదలు. చెప్పేద్దామనే అనుకున్నాడు గాలిపటం. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ చేపల భుజాల మీదెక్కి ఏరు దాటుతున్నవాడు ఒక్కసారిగా వంటింట్లో ఎలా దిగుతాడు? సందు వైపు చూశాడు. అక్క గుమ్మం తలుపు ఇందాక మూసి ఉంది, ఇప్పుడు తెరిచి ఉంది. అది చూడగానే మాటకి ఇంకా వేగం వచ్చింది.

"వస్తున్నాను బావా, వచ్చేశాను, భవంతి దగ్గరికే వచ్చేశాను. గేటుకి కాపలా ఎవరనుకున్నారు? కుక్కలా? తుపాకులా? కాదు. ఒకే ఒక్క ఆడమనిషి. మనిషంటే మనిషి కాదు, రాక్షసి. తాటిచెట్టంత ఎత్తు. చేతిలో గరిటె, గరిటె అంటే తెడ్డంత. రెప్ప వేయదు. మేడ మీద ఉన్నా కింద చీమ కదిలితే తెలిసిపోతుంది. కేక వేసిందంటే పక్క ఊళ్లో పాలు విరిగిపోతాయి. ఆ రాక్షసి మన మూతని ఏం చేస్తోందో తెలుసా? ఒక పెద్ద గంగాళం మీద కప్పి, దాని మీద కూర్చుని ఉంది."

"గంగాళంలో ఏముందండీ?" అంది మేడమ్.

"వజ్రాలు." అని ఆగాడు. "తెల్లటివి. మెత్తగా, పొడిపొడిగా ఉండే వజ్రాలు."

"పొడి వజ్రాలా?"

"ఆ కాలం వజ్రాలు మేడమ్, ఇప్పుడు రావడం లేదు. నేనేం చేశాను, ఆవిడ వెనక్కి వెళ్లి, పైనుంచి బట్టలు ఎగిరిపోతున్నాయని అరిచాను. ఎంత రాక్షసి అయినా ఆరేసిన బట్టల మాట వింటే ఆగలేదు. మేడ మీదికి పరిగెత్తింది. నేను మూత లాగాను, బదులు ఇంకో మూత పెట్టాను, కొండ అంచుకొచ్చి మూతని నిలబెట్టి దాని మీద రెండు కాళ్లూ ఆన్చి జారాను. కిందికి. గాలి చెవుల్లో హోరు. రైలొకటి పక్కన వస్తోంది, డ్రైవరు నాకు చెయ్యి ఊపాడు, మళ్లీ తిరిగి చూస్తే రైలు లేదు, వెనకెక్కడో చుక్కంత. ఆ వేగానికి గడియారాలు వెనక్కి తిరిగాయి. ఎంత వెనక్కి అంటే, నేను బయల్దేరకముందే ఇంటికి చేరిపోయాను."

"అయితే నిన్న సాయంత్రం ఇక్కడ నిలబడి టీ తాగిందెవరు?" అన్నాడు టీ కొట్టాయన.

"ముందు చేరినవాణ్ణి."

"మరి ఇప్పుడు మాట్లాడేది?"

"వెనక వచ్చినవాణ్ణి. అందుకే ఆయాసం."

మెకానిక్ బల్ల మీద తల పెట్టి నవ్వుతున్నాడు. సెక్రటరీ మేడమ్ మాత్రం మూతని తువ్వాలు మీద పెట్టేసి, దాన్ని కొంచెం దూరంగా జరిపింది. ఆ జరపడం చూసి గాలిపటం నోరు మూతపడింది.

"కథ బాగుందండీ," అంది ఆవిడ. బావ వైపు తిరిగింది. "మీరు ఎంత కష్టపడ్డారో నాకు తెలుసు. కానీ కిందటేడు ఇదే చక్రానికి డూప్లికేటు వచ్చింది. ఈ ఏడు వచ్చినదేమో అద్దంలా మెరుస్తోంది, ఎక్కడిదంటే చేపల భుజాలంటున్నారు. ముద్ర చూసి సరేననడం ఏనాడో మానేశాం. నిజంగా దొరికిన వస్తువైతే ఇన్ని అబద్ధాలెందుకు? నేను దీన్ని ఒప్పుకోలేను. ఏమీ అనుకోకండి."

బావ షెడ్డులో బండి వైపు చూశాడు. మూడు చక్రాలకి మూతలున్నాయి, నాలుగో చక్రం నడుమ నల్లగా బోల్టులు కనిపిస్తున్నాయి.

గాలిపటం బల్ల చివర కూర్చుండిపోయాడు. తానేం చేశాడో అప్పుడు అర్థమైంది. చేతిలో ఉన్నది అచ్చమైన అసలు సామాను. అది ఈ బండిదేనని చెప్పడానికి పిండి డబ్బా కంటే గట్టి సాక్ష్యం లోకంలో లేదు. ఆ సాక్ష్యాన్ని దాచిపెట్టి, ఉన్న నిజాన్ని తన చేతులతోనే డూప్లికేటు చేశాడు. ఇప్పుడు నిజం చెప్పినా ఎవరు నమ్ముతారు? ఏటినీ కొండనీ దాటాక వంటిల్లు ఇంకో కోతలాగే వినిపిస్తుంది. సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి. "మేడమ్," అన్నాడు. "అది... నిజానికది..." పుట్టి బుద్ధెరిగాక అతనికి మాట రాకపోవడం అదే మొదటిసారి.

"వజ్రాలు మరీ పొడిపొడిగా ఏమీ లేవు మేడమ్. జల్లించాల్సిన టైమొచ్చింది."

అందరూ తిరిగి చూశారు. టీ కొట్టు తడిక పక్కన అక్క నిలబడి ఉంది. మోచేతుల దాకా పిండి. ఒక చేతిలో పిండి అంటిన స్టీలు పళ్లెం, రెండో చేతిలో గరిటె. ఎప్పట్నుంచి వింటోందో తెలీదు, కానీ రాక్షసి మాట దగ్గర్నుంచి మాత్రం తప్పకుండా వింది.

"నేను ఆ రాక్షసిని," అంది అక్క. "తాటిచెట్టంత లేను, అది వీడి అభిమానం. ఏరా, డబ్బా మూత ఎత్తుకొచ్చి, పిండిలో పళ్లెం ముంచి వస్తావా? పొద్దుట్నుంచి ఎలకలు పండగ చేసుకుంటున్నాయి."

గాలిపటం తల ఎత్తలేదు. బావ లేచి నిలబడ్డాడు. "ఏ డబ్బా?" అన్నాడు.

"మనింట్లో పిండి డబ్బాలు ఎన్నున్నాయండీ? ఉల్లిపాయలు పోసుకునే మూత." అక్క బల్ల దగ్గరికొచ్చి వీల్ క్యాప్‌ని రెండు చేతులా తీసుకుంది. తిప్పి చేప బొమ్మని చూసింది. చూస్తూ అలాగే ఉండిపోయింది. "ఇటువైపు ఇలా ఉంటుందా?" అంది తనలో తాను అనుకున్నట్టు. "అత్తగారు పెట్టిందండీ. మామగారు పోయి, బండిని ఇటుకలెక్కించినప్పుడు. డబ్బా మూత సొట్టపోయిందని ఇది తెచ్చి అమర్చింది. నేను కాపురానికొచ్చేసరికే అక్కడుంది."

సెక్రటరీ మేడమ్ చెయ్యి చాపింది. మూత తీసుకుని, అంచు లోపలి గాడిలో చిటికెనవేలి గోరు పెట్టి గీసింది. తెల్లటి పొడి గట్టిపడి పెచ్చులా ఊడి వచ్చింది. ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. "పిండే," అంది. "ఏళ్లనాటి పిండి." ఆవిడ మొహంలో మొదటిసారి నవ్వు కనిపించింది. "ఈ బండి మూత ఈ ఇల్లు దాటి వెళ్లనే లేదన్నమాట. గీతలు లేకపోవడం కూడా అందుకే. ఇంక నేనడగాల్సిందేమీ లేదు. బిగించుకోండి."

మెకానిక్ ఒక్క ఉదుటున లేచి మూత పట్టుకుని షెడ్డులోకి వెళ్లాడు. బావ మాత్రం కదల్లేదు. "రోజూ సాయంత్రం పిండి తీసిచ్చేది నేనే," అన్నాడు. "ఆ మూత తీసేది నేనే, పెట్టేది నేనే." తలపట్టుకుని మళ్లీ కూర్చున్నాడు. నవ్వాలో ఏడవాలో తెలీని మొహం. కళ్లలో నీళ్లున్నాయి, అవి దేనివో అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

టీ కొట్టాయన గాలిపటం వైపు చూసి నవ్వబోయాడు. అక్క అతన్ని ఆపింది.

"నవ్వకండి. మా అత్తగారు ఎత్తింది, నేను ఎత్తాను, ఈయన ఎత్తాడు. ఇన్నేళ్లూ ఎత్తాం, దించాం. అది ఏమిటో పోల్చింది మాత్రం వీడొక్కడే." తమ్ముడి భుజం మీద పిండి చెయ్యి వేసింది. చొక్కా మీద అయిదు వేళ్లూ పడ్డాయి.

"అవును," అంది సెక్రటరీ మేడమ్ కుర్చీ అతని వైపు తిప్పుకుని. "అది చెప్పండి. మీరు దాన్ని ఎలా కనిపెట్టారో. ఈసారి నేను నమ్ముతాను."

గాలిపటం లేచాడు. అందరూ అతన్నే చూస్తున్నారు, బావ కూడా. ఇన్నేళ్లుగా అతను ఎదురుచూసింది ఈ చూపు కోసమే. నోరు తెరిచాడు.

"ఉల్లిపాయల కోసం మూత ఎత్తాను," అన్నాడు. "ఒరిగింది. చేప కనిపించింది."

ఆగాడు. చెప్పడానికి ఇంకేమీ మిగల్లేదు.

"అంతేనా?" అన్నాడు టీ కొట్టాయన.

"అంతే."

సందులో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ వెళ్లారు. షెడ్డులో మెకానిక్ మూతని చక్రానికి ఆన్చి అరచేత్తో మెల్లగా తడుతున్నాడు. ఆ నిశ్శబ్దంలో గాలిపటానికి ఒళ్లంతా జిల పుట్టినట్టుంది. ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారాడు. గ్లాసు తీసి మళ్లీ పెట్టాడు. ఇక ఉండబట్టలేకపోయాడు.

"అంతే అంటే మరీ అంతే కాదులే," అన్నాడు. "చేప కనిపించిందా, ఆ వెంటనే డబ్బా లోపల్నుంచి మేడమ్, మీరు నమ్మరు గానీ, ఒక వెలుగు..."

"లోపల పిండే ఉందిరా," అంది అక్క.